సొంతదారు పేరుతో సహా: హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం సమీక్ష

టోక్యో, క్యోటో, ఒసాకాలతో జపాన్ ప్రయాణం ముగించుకునే మనవాళ్లు చాలామంది, హిరోషిమా దాకా వెళ్లవలసిన అవసరం ఉందా అని అడుగుతుంటారు. ఒసాకా నుంచి షింకన్‌సెన్ రైల్లో గంటన్నర ప్రయాణం. అక్కడి శాంతి స్మారక మ్యూజియం కోసం ఆ గంటన్నర తప్పకుండా కేటాయించమనే చెబుతాను. అణుబాంబు గురించి ఇప్పటికే బాగా చదివినవాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఎందుకంటే చదువు వల్ల తెలిసే సంగతులు ఒక ఎత్తు, ఇక్కడ చూపించేవి ఒక ఎత్తు. 1945 ఆగస్టు 6 పొద్దున 8 గంటల 15 నిమిషాలకు మనుషుల ఒంటి మీద, చేతుల్లో, భుజానికి తగిలించుకున్న సంచుల్లో ఉన్న మామూలు వస్తువులను, వాటి సొంతదారుల పేర్లతో, వయసులతో, అవి తిరిగి ఇంటికి ఎలా చేరాయో చెప్పే నాలుగైదు వాక్యాలతో సహా ఇక్కడ మన ముందు ఉంచుతారు. యుద్ధాలకు సంబంధించిన మ్యూజియాలు నేను మరికొన్ని చూశాను. వాటిలో ఎక్కువ భాగం ఆయుధాన్ని గది మధ్యలో పెట్టి మనిషిని ఒక మూల నిలబెడతాయి. హిరోషిమా వాళ్లు ఆ వరుసను మార్చారు, ఎంతో ఆలోచించి మార్చారు. ఆ మార్పు ఎంతవరకు ఫలించిందన్నదే ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

ఈ సేకరణ మొదట రాళ్లతో, పెంకులతో మొదలైంది. నగావోకా షోగో అనే భూగర్భ శాస్త్రవేత్త బాంబు పడిన తర్వాత శిథిలాల మధ్య తిరిగి, వేడికి రూపు మారిన రాళ్లను, ఇంటి పెంకులను, కరిగి ముద్దయిన సీసాలను ఏరి దాచారు. 1949లో నగరపాలక సంస్థ ఒక గది కేటాయించి వాటిని ప్రదర్శనకు పెట్టింది. 1955 ఆగస్టులో మ్యూజియం తెరిచినప్పుడు ఆయనే దానికి మొదటి డైరెక్టరు. భవనాన్ని రూపొందించినవారు తాంగే కెంజో. స్తంభాల మీద నేల నుంచి పైకి లేచి నిలిచిన ఆ పొడవాటి భవనం కింద నిలబడి ఉత్తరంగా చూస్తే, 1952లో కట్టిన స్మారకం విల్లులోంచి, నది అవతల ఉన్న బాంబు గోపురం, అంటే బాంబుకు శిథిలమైనా కూల్చకుండా నిలిపి ఉంచిన భవనం, ఒకే వరుసలో కనిపిస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కుటుంబాలు ఒకటొకటిగా తెచ్చి ఇచ్చిన బట్టలు, డబ్బాలు, చెప్పులు, గడియారాలు చేరుతూ వచ్చేసరికి సేకరణ స్వభావమే మారిపోయింది. ఇప్పుడు మ్యూజియం దగ్గర దాదాపు 20,000 వస్తువులు ఉన్నాయి. పెంకు ఒక నగరానికి ఏం జరిగిందో చెబుతుంది. చొక్కా ఒక మనిషికి ఏం జరిగిందో చెబుతుంది. 2019 ఏప్రిల్‌లో ప్రధాన భవనాన్ని సరికొత్త అమరికతో తిరిగి తెరిచినప్పుడు నిర్వాహకులు ఎంచుకున్నది ఈ రెండో దారి.

టికెట్టు తీసుకునేది తూర్పు భవనంలో. అక్కడి నుంచి ఎస్కలేటరు మీద మూడో అంతస్తుకు చేరితే, బాంబుకు ముందున్న హిరోషిమా ఫొటోలు మొదట కనిపిస్తాయి. వీధులు, దుకాణాలు, నది ఒడ్డున ఆడుకునే పిల్లలు. ఆ పక్కనే గుండ్రంగా అమర్చిన తెల్లని నగర నమూనా మీద పైనుంచి బొమ్మలు ప్రసరింపజేసి, నేలకు సుమారు 600 మీటర్ల ఎత్తులో బాంబు పేలడం, నగరం తుడిచిపెట్టుకుపోవడం చూపిస్తారు. ఆ సంవత్సరం చివరికి చనిపోయినవారు దాదాపు 1,40,000 మంది అన్న అంచనా కూడా అక్కడే తెలుస్తుంది. ఈ భాగం చక్కగానే ఉంది, కానీ ఇక్కడ ఎక్కువసేపు ఆగవద్దు. రెండు భవనాలనూ కలిపే వసారా దాటి ప్రధాన భవనంలోకి అడుగుపెట్టాక మీకు సమయమూ ఓపికా రెండూ కావాలి.

లోపల వెలుతురు చాలా తక్కువ. గది మధ్యలో పెద్ద గాజు అర, దాని నిండా పిల్లల బట్టలు, టోపీలు, సంచులు, నీళ్ల సీసాలు ఉంటాయి. ఇంతమంది పిల్లలు ఆ పొద్దున నగరం నడిబొడ్డున ఏం చేస్తున్నారన్న ప్రశ్న మనకు వెంటనే వస్తుంది. వైమానిక దాడుల్లో మంటలు ఒక పేట నుంచి మరో పేటకు పాకకుండా ఖాళీ జాగా వదలడం కోసం ఇళ్లను పడగొట్టే పని అప్పట్లో జోరుగా సాగుతోంది. ఆ శిథిలాలు ఎత్తిపోసే పనికి 12, 13 ఏళ్ల బడి పిల్లలను వేల సంఖ్యలో పంపించారు. ఆ పనిలో ఉన్న పిల్లలు సుమారు 6,000 మంది చనిపోయారు. ఆరుబయట, ఎండలో, నీడ లేని చోట నిలబడి ఉండటమే వాళ్ల పాలిట శాపమైంది. గాజుకు దగ్గరగా వంగి చూస్తే కొన్ని చొక్కాల జేబు దగ్గర కుట్టిన చిన్న గుడ్డ పట్టీ కనిపిస్తుంది. పేరు, చిరునామా, రక్తం గ్రూపు రాసిన పట్టీని అందరూ ఎదపై కుట్టుకోవాలన్నది యుద్ధకాలపు కట్టుబాటు. ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేని చోట చాలామంది తల్లిదండ్రులకు తమ బిడ్డ ఆచూకీ చెప్పింది ఆ పట్టీ, లేదా తాము చేత్తో వేసిన కుట్టు. ఆ చొక్కాల్లో కొన్ని తల్లుల పాత బట్టలను కత్తిరించి కుట్టినవి. యుద్ధం రోజుల్లో కొత్త గుడ్డ దొరకడమే కష్టం. అతుకు పడిన చోట కుట్లు ఎంత దగ్గరగా, ఎంత ఓర్పుగా ఉన్నాయో చూడండి. సూది పట్టిన ఇల్లాలి చేయి కళ్లకు కడుతుంది.

ఎక్కువమంది ఆగిపోయేది మాడిన అన్నం డబ్బా దగ్గర. అది షిగెరు అనే 13 ఏళ్ల పిల్లవాడిది. బియ్యం తక్కువైన రోజులు కాబట్టి బార్లీ, సోయా గింజలు కలిపి వండిన అన్నం వాళ్లమ్మ ఆ పొద్దున డబ్బాలో సర్ది ఇచ్చింది. బాంబు పేలిన చోటుకు 600 మీటర్ల దూరంలో పిల్లవాడు పనిలో ఉన్నాడు. తల్లి వెతుక్కుంటూ వెళ్లి, ఆగస్టు 9న, శవం పొట్ట కింద అదిమిపెట్టి ఉన్న ఈ డబ్బాను చూసి కొడుకును గుర్తుపట్టింది. డబ్బా ఆకారం పూర్తిగా పోలేదు. అంచులు వంగాయి, మూత ఒకవైపు నొక్కుకుపోయింది. లోపలి అన్నం బొగ్గుగా మారి గిన్నెకు అంటుకుపోయింది, కానీ మెతుకులన్నీ కలిసి సర్దిన ఆకారం అలాగే నిలిచింది. పిల్లలకు మధ్యాహ్నం క్యారేజీ కట్టి పంపే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. డబ్బా తిరిగి ఇంటికి వచ్చాక అందులో ఎంత మిగిలిందో చూసి, తిన్నాడో లేదో తెలుసుకునే తల్లులు మన ఇళ్లలో ఉన్నారు. ఈ డబ్బా ముందు నిలబడటానికి నాకు దుబాసీ అవసరం కలగలేదు.

అక్కడికి కొద్ది దూరంలో మూడు చక్రాల సైకిలు, ఒక ఇనుప టోపీ ఉంటాయి. షినిచి అనే పిల్లవాడు, వయసు మూడేళ్ల పదకొండు నెలలు, పేలిన చోటుకు 1,500 మీటర్ల దూరంలో ఇంటి ముందు ఈ సైకిలు తొక్కుతున్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. అంత చిన్నవాడిని ఇంటికి దూరంగా, ఒంటరిగా సమాధి చేయడానికి తండ్రికి మనసు రాలేదు. సైకిలుతో పాటు ఇంటి పెరట్లోనే పూడ్చిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1985 జులైలో, ఎముకలను కుటుంబ సమాధిలోకి మార్చడానికి తవ్వినప్పుడు సైకిలు బయటపడింది. దాన్ని ఆ తండ్రి మ్యూజియానికి ఇచ్చాడు. తుప్పు మొత్తంగా కమ్మేసింది, రబ్బరు లేదు, కమ్ములు వంగాయి. ఇంతకుముందు ఈ సైకిలు ఫొటోలు ఎన్నో చూసి ఉన్నా, నేరుగా చూసినప్పుడు నన్ను నిలబెట్టేసినది దాని పరిమాణం. అది ఎంత చిన్నదో ఫొటోలో తెలియదు. పక్కన నిలబడితే చేతి పిడి పెద్దవాళ్ల మోకాలు కూడా దాటదనిపిస్తుంది. ఇక నలభై ఏళ్ల సంగతి. ఆ నలభై ఏళ్లూ ఆ తండ్రి ఆ పెరటి పక్కనే బతుకు సాగించాడన్నది వివరణ పలకలో ఎక్కడా నొక్కి చెప్పరు. తేదీలు రెండూ పక్కపక్కన ఉంటాయి, లెక్క మనమే వేసుకుంటాం.

చెక్క చెప్పు ఒకటి ఉంది. మియోకో అనే 13 ఏళ్ల అమ్మాయిది. కూతురి కోసం తల్లి రోజూ వెతికి వెతికి, రెండు నెలల తర్వాత ఈ ఒక్క చెప్పు సంపాదించింది. తన కిమోనో గుడ్డతో తానే చేసిన పట్టీ కాబట్టి గుర్తుపట్టగలిగింది. చెక్క మీద పాదం ముద్ర మిగిలే ఉంది. కూతురు మాత్రం దొరకలేదు. 8 గంటల 15 నిమిషాల దగ్గర ఆగిపోయిన జేబు గడియారం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. సైకిలు మీద వంతెన దాటుతున్న 59 ఏళ్ల పెద్దాయనది అది, కొడుకు బహుమతిగా ఇచ్చినది, ఆయన ఎప్పుడూ విడిచి ఉండేవారు కాదు. ఆగస్టు 22న ఆయన చనిపోయారు. ముళ్లు ఊడిపోయినా, వాటి నీడ పడిన చోటు గడియారం ముఖం మీద గుర్తుగా నిలిచింది. పేలిన చోటుకు 260 మీటర్ల దూరంలోని బ్యాంకు గుమ్మం ముందు రాతి మెట్లు కూడా ఇక్కడే ఉన్నాయి. బ్యాంకు తెరిచేదాకా ఆగుదామని మెట్ల మీద కూర్చున్న మనిషి ఉన్న మేర రాయి నల్లగా, చుట్టూ తెల్లగా మారింది. 1971లో ఆ మెట్లను కోసి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఎంతో ప్రసిద్ధి చెందినదే అయినా, నా మనసులో మెట్లకన్నా చెప్పుకే ఎక్కువ చోటు దక్కింది. మెట్ల మీద కూర్చున్నది ఎవరో మనకు తెలియదు, చెప్పు ఎవరిదో తెలుసు.

ఈ తేడాలోనే మ్యూజియం సేవలో అన్నిటికన్నా విలువైనది ఉంది, అది వివరణ పలక. ప్రతి వస్తువు పక్కనా చిన్న పలక, అందులో వస్తువు పేరు, సొంతదారు పేరు, వయసు, పేలిన చోటుకు ఎంత దూరం, ఇచ్చినవారి పేరు ఉంటాయి. ఆ కింద నాలుగైదు వాక్యాలు. విశేషణాలు లేవు. "హృదయవిదారకం", "అమానుషం" లాంటి మాటలు వెతికినా కనబడవు. ఎవరు, ఎక్కడికి వెళ్లారు, ఎవరు వెతికారు, ఎప్పుడు దొరికింది, అంతే. "ఆత్మల ఆక్రోశం" అని చెప్పదగిన భాగంలో వస్తువు పక్కన ఆ మనిషి ఫొటో, కుటుంబ సభ్యులు ఎప్పుడో రాసిన లేదా చెప్పిన ఒకటి రెండు మాటలు కూడా చేరుస్తారు. బడి యూనిఫారంలో బిగుసుకుని కెమెరా ముందు నిలబడిన పిల్లవాడి ఫొటో, దాని పక్కన కాలిన అదే యూనిఫారం. ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కర లేదని నిర్వాహకులు నమ్మారు, ఆ నమ్మకం వమ్ము కాలేదు.

వస్తువులు ఇచ్చిన కుటుంబాల గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాలిన చొక్కాను పారేయకుండా బీరువాలో దాచుకున్న తల్లి దాన్ని ఏళ్ల తరబడి ఎవరికీ చూపించి ఉండదు. వయసు మీద పడ్డాక, తన తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారన్న దిగులుతోనే చాలామంది మ్యూజియం గడప తొక్కారు. బిడ్డ గుర్తుగా ఉన్న ఒకే ఒక్క వస్తువును పరాయి చేతుల్లో పెట్టడం చిన్న విషయం కాదు. ఆ వస్తువు మీద ఆ మనిషి పేరు చెరిగిపోకుండా ఉండాలన్నదే ఇచ్చినవారికి దక్కవలసిన కనీస మర్యాద, మ్యూజియం ఆ మర్యాదను ప్రతి పలకలోనూ పాటిస్తోంది. ఇప్పటికీ ఇలా వస్తువులు వస్తూనే ఉన్నాయి. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బయటపడి జీవించి ఉన్నవారి సంఖ్య 2025లో లక్ష కన్నా తగ్గింది, వారి సగటు వయసు 86 దాటింది. ఇక ముందు తెచ్చి ఇచ్చేవాళ్లు కొడుకులు, కోడళ్లు, మనవలే.

పాత మ్యూజియం చూసినవారికి మైనపు బొమ్మల లాంటి బొమ్మలు గుర్తుండి ఉంటాయి. మంటల నేపథ్యంలో చర్మం వేలాడుతూ నడిచే మనుషుల ప్రతిమలను 2017 ఏప్రిల్‌లో తీసేశారు. అప్పట్లో దీని మీద గట్టి వాదనే నడిచింది. ఆ బొమ్మలే పిల్లల మనసులో భయం నాటాయి, వాటిని తీసేస్తే యుద్ధం తీవ్రత పలచబడిపోతుందని కొందరు అన్నారు. నిజం దానికన్నా ఎంతో ఘోరం, బొమ్మ ఎప్పటికీ నిజాన్ని అందుకోలేదని బాధితులలో కొందరు అన్నారు. నేను రెండో పక్షాన నిలబడతాను. భయపెట్టే బొమ్మను చూసినవాడు తల తిప్పుకుని ముందుకు వెళ్తాడు. బొత్తాలు పెట్టి ఉన్న చిన్న చొక్కాను చూసినవాడు తనకు తెలియకుండానే దగ్గరికి వెళ్లి పేరు చదువుతాడు. బొమ్మల స్థానంలో ఇప్పుడు బాధితులు తమ చేత్తో వేసిన చిత్రాలను ఉంచారు. 1974 నుంచి సేకరించిన ఆ చిత్రాలు గీసినవారిలో ఎక్కువమందికి బొమ్మలు గీయడం రాదు. అగ్గి రంగు, నీళ్ల కోసం చాచిన చేతులు, నదిలో తేలే శరీరాలు, పక్కన చేతిరాతతో చిన్న వివరణ. కళ తెలిసిన చేయి వేసి ఉంటే అవి ఇంతగా పట్టేసేవి కావని నా అభిప్రాయం.

చివరి భాగం బాంబు తర్వాత బతికినవారిది. అణు ధార్మికత వల్ల వచ్చిన జబ్బులు, తల్లీతండ్రీ లేక పెరిగిన పిల్లలు, దాచుకున్న మచ్చలు. రెండేళ్ల వయసులో బాంబు నుంచి బయటపడి, పన్నెండేళ్లకు రక్త కాన్సరుతో 1955 అక్టోబరులో చనిపోయిన ససాకి సదాకో అనే అమ్మాయి, జబ్బు నయం కావాలన్న కోరికతో మడిచిన కాగితపు కొంగలు ఇక్కడ ఉన్నాయి. మందుల పొట్లాల కాగితంతో మడిచినవి కొన్ని గోరంత కూడా లేవు. వాటి గురించి ప్రపంచమంతా చెప్పుకుంది కాబట్టి నేను కొత్తగా చేర్చేది లేదు. అయితే, 2019 మార్పుల్లో విదేశీ బాధితులకూ చోటు కల్పించడం గురించి తప్పక చెప్పాలి. ఆ రోజు హిరోషిమాలో కొరియా నుంచి వచ్చినవారు వేల సంఖ్యలో ఉన్నారు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన విద్యార్థులూ ఉన్నారు. వారికి ఇచ్చిన చోటు ఇంకా పెద్దదైతే బాగుండేదని నేను అనుకుంటాను.

వెలుతురు ఇంత తక్కువ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అది నాటకీయత కోసం కాదు. కాలిన గుడ్డ, పాత కాగితం వెలుగుకు త్వరగా పాడవుతాయి. అందుకే గుడ్డలను, కాగితాలను కొంతకాలం చూపించి, తర్వాత లోపల పెట్టి, వేరేవి బయటకు తెస్తుంటారు. భూకంపం వచ్చినా అరలు కదలకుండా ఉండేందుకు భవనం కింద కుదుపును ఆపే ఏర్పాటు కూడా చేశారు. వస్తువులను ఇలా మారుస్తుంటారు కాబట్టి మీరు వెళ్లినప్పుడు నేను చెప్పినవన్నీ అలాగే కనిపించకపోవచ్చు, వాటి బదులు వేరే పిల్లల వస్తువులు ఉంటాయి. ఒక ప్రత్యేకమైన వస్తువును వెతుక్కుంటూ కాకుండా, ఉన్నవాటిలో మూడు నాలుగింటి పలకలు పూర్తిగా చదివేలా సమయం పెట్టుకోవడం మేలు. అన్నీ చదవాలని పరుగు పెడితే ఏదీ మనసుకు ఎక్కదు.

ప్రధాన భవనం దాటాక పార్కు వైపు కిటికీలున్న పొడవైన గది వస్తుంది, కూర్చోవడానికి బల్లలు ఉంటాయి. సందర్శకులు తమ మాట రాసే నోటు పుస్తకాలను 1970 నుంచి నిర్వహిస్తున్నారు, వాటిని తిరగేయడం కూడా ఒక అనుభవమే. ఆ తర్వాత దారి మళ్లీ తూర్పు భవనంలోకి వెళ్తుంది. అక్కడ అణ్వాయుధాల ప్రమాదం, హిరోషిమా చరిత్ర ఉన్నాయి. హిరోషిమా ఒక సైనిక నగరంగా ఎలా ఎదిగింది, అక్కడి ఉజినా రేవు నుంచి జపాన్ సైన్యాలు ఆసియాలోని ఏయే యుద్ధాలకు బయలుదేరాయి అన్నది ఇక్కడే తెలుస్తుంది. నా అసంతృప్తి అంతా ఈ వరుస మీద. అప్పటికే మనసు బరువెక్కి, కాళ్లు లాగుతూ ఉన్న సందర్శకులు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు. బాంబు ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడిందన్న భావనతో బయటికి వచ్చేస్తారు. ఆ భాగాన్ని ముందే చూపించి ఉంటే వస్తువుల శక్తి తగ్గేది కాదు, అవి ఏ యుద్ధంలో భాగంగా కాలిపోయాయో మరింత స్పష్టంగా తెలిసేది.

మన ప్రాంతం వాళ్లు ఈ భాగాన్ని వదిలేయకూడదని నేను పనిగట్టుకుని చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో అప్పటి జపాన్ బాంబు గుల్ల ఇప్పటికీ ఉంది. మనం దాచుకున్నది బాంబును, హిరోషిమా దాచుకున్నది బాంబు కింద ఉన్న చెప్పును, డబ్బాను. విశాఖలో ఆ రోజు చనిపోయినవారి ఇళ్లలోని వస్తువులు ఏమయ్యాయి, వాళ్ల పేర్లు ఏ గోడ మీదైనా ఉన్నాయా అన్న ప్రశ్న హిరోషిమా నుంచి వచ్చిన దగ్గరి నుంచి నన్ను వదలడం లేదు. రేవులో పనిచేసే కూలీల ఇళ్లలో దాచుకోవడానికి బీరువాలు ఉండవు, నిజమే. కానీ అడిగి రాసుకునే పని ఎవరో ఒకరు చేసి ఉండవలసింది, అప్పటి పిల్లలు ఇంకా కొందరు మిగిలి ఉండగానే ఇప్పుడైనా చేయవలసి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు, 1957 అక్టోబరులో, నెహ్రూ హిరోషిమా వచ్చి ఇక్కడి ప్రజల మధ్య మాట్లాడారు. 2023 మే నెలలో బాంబు గోపురానికి దగ్గరలో, మోతోయాసు నది ఒడ్డున గాంధీ విగ్రహం పెట్టారు. నడుచుకుంటూ వెళ్లి చూడవచ్చు.

ఇక సేవల సంగతి. పెద్దలకు ప్రవేశ రుసుము 200 యెన్‌లు, మన లెక్కలో వంద రూపాయల పైచిలుకు. 65 ఏళ్లు దాటినవారికి, హైస్కూలు విద్యార్థులకు 100 యెన్‌లు, అంతకన్నా చిన్న పిల్లలకు ఉచితం. ఇంత తక్కువ ధరకు ఇంత జాగ్రత్తగా నిర్వహించే చోటు నేను మరొకటి చూడలేదు. ఆడియో గైడుకు 400 యెన్‌లు వేరే ఇవ్వాలి. పలకల మీద ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు చదవగలిగినవారికి అది లేకపోయినా జరిగిపోతుంది. కానీ గొంతులో విన్న మాటకు ఉండే బరువు వేరు కాబట్టి నేను తీసుకోమనే చెబుతాను. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే, మూడు నాలుగు పలకలను మెల్లగా తెలుగులో చెప్పడానికి ముందే సిద్ధపడి వెళ్లండి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ డబ్బాను, ఆ చొక్కా కుట్లను మనకన్నా బాగా చదువుతారు.

రద్దీయే పెద్ద ఇబ్బంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా నడిచిన సంవత్సరంలో సందర్శకులు తొలిసారి 20 లక్షలు దాటారు. ఇరుకైన దారుల్లో, మసక వెలుతురులో, పలక ముందు నాలుగు వరుసల జనం ఉంటే నింపాదిగా చదవడం కుదరదు. ఇది తెలిసే, నిర్వాహకులు ఉదయం 7:30 నుంచి గంటసేపు ఆన్‌లైనులో ముందే బుక్ చేసుకున్నవారికి మాత్రమే ప్రవేశం కల్పిస్తున్నారు. సాయంత్రం ఆఖరి గంటకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఉదయం వేళనే ఎంచుకోండి. బడి పిల్లల బృందాలు రాకముందే ప్రధాన భవనంలో ఉండగలిగితే, పలక ముందు మీరు ఒక్కరే నిలబడే అవకాశం దక్కుతుంది. డిసెంబరు 30, 31 తేదీల్లో మ్యూజియం మూసి ఉంటుంది.

పిల్లలను తీసుకెళ్లవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు వయసును బట్టి ఉంటుంది. పదేళ్లు దాటినవారిని, ఏం చూడబోతున్నారో ముందు రోజే కూర్చోబెట్టి చెప్పి, తీసుకెళ్లవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లను ప్రధాన భవనంలోకి తేవద్దని నా సలహా. కాలిన గాయాల ఫొటోలు కొన్ని పెద్దవాళ్లకే కష్టం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులవారీగా వెళ్లి రావచ్చు, బయట పార్కులో నీడకు కొదవ లేదు.

మ్యూజియం నుంచి బయటికి రాగానే వెళ్లిపోకుండా, తూర్పు భవనానికి ఉత్తరాన 2022లో తెరిచిన చిన్న శిథిలాల ప్రదర్శనశాలకు కూడా వెళ్లండి, టికెట్టు లేదు. ఈ పార్కు ఉన్న చోట ఒకప్పుడు నకజిమా అనే పేట ఉండేది, ఇళ్లు, దుకాణాలు, గుళ్లు కిక్కిరిసి ఉండేవి. ప్రధాన భవనానికి భూకంపం తట్టుకునే పనుల కోసం తవ్వినప్పుడు ఆ పేట వీధి, ఇళ్ల పునాదులు, రోజూ వాడుకునే సామాను బయటపడ్డాయి. మాడి బొగ్గయిన అన్నం గరిటె కూడా అలా దొరికినదే. ప్రదర్శనశాలలో కాలిన చాపల నేలను మట్టి పొరతో సహా అలాగే ఉంచి చూపిస్తారు. పైన పచ్చిక, కింద ఇల్లు. పార్కులో నడుస్తున్నంతసేపూ మన కాళ్ల కింద ఒకరి వంటిల్లు ఉందని తెలిసిన తర్వాత, మ్యూజియంలోని గిన్నెలు, సీసాలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమవుతుంది. ఆ పక్కనే 2002లో కట్టిన జాతీయ స్మారక మందిరంలో చనిపోయినవారి పేర్లు, ఫొటోలు, బతికినవారి వాంగ్మూలాలు ఉన్నాయి. అక్కడికీ టికెట్టు లేదు.

మ్యూజియంలో ఉచితంగా జరిగే ప్రసంగాలకు కూడా సమయం కుదుర్చుకోండి. బాధితుల అనుభవాలను వారి దగ్గరే ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకుని, వారి తరఫున చెప్పే వారసులను నగరపాలక సంస్థ 2012 నుంచి తయారు చేస్తోంది. ఇంగ్లీషులో చెప్పేవారూ ఉన్నారు. చొక్కా వెనుక ఉన్న కథను ఒక మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే, ప్రశ్న అడిగే అవకాశం దొరుకుతుంది. గాజు అర ఆ అవకాశం ఇవ్వదు. హిరోషిమా స్టేషను నుంచి రావడానికి 2వ నంబరు ట్రాము ఎక్కి బాంబు గోపురం దగ్గర దిగితే చాలు. 1945లో బాంబు దెబ్బ తిని, బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించిన 651, 652 నంబర్ల ట్రాములు ఇంకా ఉద్యోగుల రద్దీ వేళల్లో జనాన్ని మోస్తూనే ఉన్నాయి. ఉదయం పూట వెళ్లేవారు ట్రాము ముందు భాగంలో ఉన్న నంబరు చూసి ఎక్కండి.